మా వంటింట్లో కొత్తలయ్యేదాకా

మా హోటల్లో బల్లలు లేవు. కుర్చీలు లేవు. గిరాకీలు చేతులు కడుక్కునే పంపు కూడా లేదు. సారపాకలో మెయిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఒక పాత గోడౌను, దానికి రోడ్డు వైపు ఒక కిటికీ, అంతే. ఫోన్ చేస్తే లోపల వండి బండి మీద ఇంటికి పంపుతాం, లేదంటే కిటికీ దగ్గరికొచ్చి పొట్లం పట్టుకుపోవాలి. హైదరాబాదులో ఇలాంటి వంటిళ్లు చాలా ఉన్నాయట. మా దగ్గర తెరిచిన కొత్తలో మాత్రం జనం కిటికీలో తల పెట్టి, "కూసునే జాగా లేని హోటల్ ఏంది?" అని నన్నే నిలదీసేవాళ్లు. ఒక పెద్దాయనైతే, "లోపల ఎట్ల వండుతున్నరో కనబడకపోతే ఎట్ల తినాలె అమ్మా?" అన్నాడు. "మీ ఇంట్లో మీ ఆవిడ వండేటప్పుడు పక్కన నిలబడి చూస్తారా?" అన్నాను. ఆయన మళ్లీ రాలేదు. నాకు కోపం ముక్కు మీదుంటుంది. వ్యాపారంలోకి దిగాక కూడా అది కిందికి దిగలేదు, ఏం చెయ్యను.

గోడౌను మాదే. మా ఆయనకు దమ్మపేట దగ్గర పామాయిల్ తోట. తాతలనాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్న కుటుంబం వాళ్లది. మిర్చి నిల్వ చేద్దామని సారపాకలో ఆ గోడౌను కొన్నారు. మిర్చి మానేసి పామాయిల్లోకి వెళ్లాక అది ఎలుకలకు తప్ప ఎవరికీ పనికిరాకుండా పడి ఉంది. నేనే పట్టుబట్టాను. ఈ చుట్టుపక్కల వంట చేతనైనవాళ్లకు కొదవ లేదు. షాపుకి అడ్వాన్సు కట్టి, చిమ్నీ పెట్టించి, లైసెన్సు తెచ్చుకునే స్తోమతే వాళ్లకు లేదు. ఆ జంజాటమంతా నేను పడతాను, వాళ్లు తలో పొయ్యి కిరాయికి తీసుకుని ఎవరి వంట వాళ్లు అమ్ముకుంటారు అన్నాను. మా ఆయన విని, "ఇల్లు కిరాయికిస్తారు, ట్రాక్టర్ కిరాయికిస్తారు. పొయ్యి కిరాయికిచ్చే మనిషిని నిన్నే చూస్తున్నా," అన్నారు. "చూడండి మరి, చూడ్డానికి టికెట్ లేదు," అన్నాను.

మొదట ఇల్లందు నుంచి ఒక టిఫిన్ల జంట వచ్చింది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ మెతకవాళ్లు. భద్రాచలం గుడికొచ్చే యాత్రికులకు వాళ్ల పులిహోర పొట్లాలంటే ప్రాణం. తరవాత ఖమ్మం నుంచి ఒక బిర్యానీ ఆయన వచ్చాడు. ముస్లింల పెళ్లిళ్లలో బిర్యానీ వండే పెద్ద పెద్ద దేగ్‌లు దించిన చెయ్యి. ఆయన్ని అందరం మాస్టర్ అనే పిలుస్తాం. ఆఖరున వచ్చింది క్యారేజీల అక్క. అడవి లోపల ఒక కోయ ఊరు ఆమెది. కాగితం మిల్లులో కాంట్రాక్టు కూలికి వచ్చే తన వైపు వాళ్లకు ఇంట్లో వండి, క్యారేజీలు సర్ది, ఆటోలో తెచ్చిచ్చేది. దారిలో అన్నం చల్లారిపోతోంది, ఇక్కడే వండుకుంటానంది. అందరూ ముందు కిరాయి ఎంత అని అడుగుతారు కదా. ఆమె అది అడగలేదు. వంటిల్లంతా ఒక చుట్టు తిరిగి, "నీళ్ల తొట్టి ఒక్కటేనా? కోసే బండ గూడ ఒక్కటేనా? అందరు దీని మీదనే కోస్తరా?" అంది. అవునన్నాను. కాసేపు ఆలోచించి, సరే అంది. ఆ ప్రశ్నలు ఎందుకడిగిందో నాకప్పుడే బుర్ర వెలగాల్సింది. వెలగలేదు.

ఇలాంటి ఉమ్మడి వంటిల్లు నడపడమంటే ఏమిటో నడిపినవాళ్లకే తెలుస్తుంది. చూసేవాళ్లకు పొయ్యిలు కనబడతాయి, నాకు మోరీ కనబడుతుంది. మాస్టర్ జిడ్డూ, టిఫిన్ వాళ్ల పిండి నీళ్లూ ఒకే మోరీలోకి పోతాయి. అది అడ్డుపడిన రోజున నాది కాదంటే నాది కాదంటారు. అరిచి అరిచి చివరికి కర్ర పట్టుకునేది నేనే. చిమ్నీ ఒక్కటే, ఫ్రిజ్ ఒక్కటే, కరెంటు పోతే అందరి సరుకుకూ ఒక్కసారే చెమట పడుతుంది. వానాకాలంలో గోదావరి పొంగి వంతెన మీద రాకపోకలు ఆగితే సగం గిరాకీ అవతలి ఒడ్డునే ఉండిపోతుంది. అన్నిటికంటే పెద్ద తలనొప్పి లైసెన్సు. వంటలు ఎన్నున్నా చిరునామా ఒకటే కాబట్టి ఒక పొయ్యి మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే అన్నీ మూతబడతాయి. ఒకరు తుమ్మితే అందరికీ జలుబు.

ఒక శనివారం ఎవరో యాత్రికురాలు ఫోన్ చేసి, "పులిహోర ఉల్లిపాయ వాసనొస్తోంది, గుడి ముందు కూర్చుని ఎలా తినమంటారు?" అని చడామడా తిట్టింది. మాస్టర్ ఉల్లిపాయలు వేయిస్తుంటే ఆ ఆవిరి పొట్లాల్లోకి దూరింది. నేను టిఫిన్ వాళ్ల మీద అరిచాను, చిమ్నీ మీద అరిచాను. మాస్టర్ మీద ఎలా అరవాలా అని చూస్తుంటే ఆయనే వచ్చాడు. "అమ్మా, ఇగ శనివారం, ఏకాదశి ఆ పొట్లాలు బండెక్కేదాక నేను ఉల్లిగడ్డ కొయ్య." మీ గిరాకీ లేటవుతుంది కదా అన్నాను. "గంట ఆగితే నా బిర్యానీ ఏడికి పోతది? నా దేగ్ వాసన గుడి మెట్ల మీద ఎందుకమ్మా?" అన్నాడు. అన్నట్టే ఇప్పటిదాకా ఆగుతున్నాడు. ఆ గంటలో ఆయన ఊరికే కూర్చోడు, మోరీ జాలీ కడుగుతాడు. నాకు ఆయనంటే గౌరవం ఆ రోజునుంచే.

రోజాల నెలలో మాస్టర్ పగలు మంచినీళ్లు కూడా ముట్టడు. మరి బిర్యానీలో ఉప్పు సరిపోయిందో లేదో ఎవరు చూడాలి? టిఫిన్ వాళ్లు మాంసం తినరు, నాకు బీపీ. అక్క చూసేది. గరిటెతో ఇంత అన్నం అరచేతిలో వేసుకుని, నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకునేది. ఆమె తల ఊపితేనే దేగ్ మూత పడేది. ఈ పద్ధతులేవీ నేను పెట్టినవి కాదు. ఎవరూ ఎవరికీ చెప్పుకున్నవీ కాదు. వాళ్లే ఒకరి పక్కన ఒకరు నిలబడి వండుకుంటూ తయారు చేసుకున్నారు. కిరాయి పుచ్చుకునే నాకు ఇందులో మెచ్చుకోవడం తప్ప చేసిందేమీ లేదు.

అంత బాగా ఇమిడిన వంటింటిని ఎండాకాలం దెబ్బకొట్టింది. పైన రేకులు, కింద పొయ్యిలు. పొద్దున రుబ్బిన పిండి మధ్యాహ్నానికి పులిసిపోయేది. శ్రీరామనవమి జనం వెళ్లిపోయాక యాత్రికులు పలచబడ్డారు. ఎండకు బిర్యానీ తినేవాళ్లు తగ్గారు. నాలుగో పొయ్యికి అసలు మనిషే దొరకలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు సరిగ్గా అప్పుడే ఒక ఎరువుల కంపెనీ వాళ్లు గోడౌను కోసం మా ఆయన్ని అడిగారు. "ఈ ఎండాకాలం చూద్దాం. గడవకపోతే వాళ్లకిచ్చేద్దాం. నువ్వు కూడా ఎంతకాలమని ఈ వేడిలో మాడతావు?" అన్నారు మా ఆయన. ఆయన చెడ్డగా చెప్పలేదు, అదే నాకు మరీ మండింది.

దాచడం నాకు చేతకాదు. అందరినీ పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. మాస్టర్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. టిఫిన్ జంట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క ఒక్కతే, "గోడౌను ఇస్తె మళ్ల నేను ఆటోలనే తేవాలె గదా," అంది.

ఆ సమయంలో దేవుడు పంపినట్టు ఒక కాంట్రాక్టరు కిటికీ దగ్గరికొచ్చాడు. వేసవిలో మిల్లు యంత్రాలు ఆపి మరమ్మతులు చేస్తారు. షట్‌డౌన్ అంటారు దాన్ని. ఆ పనికి బోలెడంతమంది కూలీలు దిగుతారు. తన మనుషులందరికీ రోజూ మధ్యాహ్నం భోజనం పెట్టేవాళ్ల కోసం ఆయన వెతుకుతున్నాడు. మనిషి మంచివాడే, గొంతే మిల్లు సైరన్. "కూరలేమన్న చేసుకోండ్రి మేడమ్. పప్పు మాత్రం కొత్త మామిడికాయ పప్పు గావాలె. ఎండల పనిజేసేటోళ్లకు పుల్లగ ఉంటే ముద్ద దిగుతది. రేపు మా మేస్త్రిని తీస్కోని వస్త, తిని చూస్త. మంచిగుంటే ఆర్డర్ మీదే," అన్నాడు. అది వస్తే అన్ని పొయ్యిలకూ పని. ఎండాకాలం గట్టెక్కుతుంది. రాకపోతే ఎరువుల బస్తాలే.

వెంటనే మా ఆయనకు ఫోన్ చేశాను. తోట గట్టు మీద మా మామిడిచెట్లకు అప్పుడే కాయ తయారవుతోంది. వెక్కిరించినా మనిషి మాట కాదనరు. పొద్దున్నే స్వయంగా కోయించి, బస్తా మోటార్ సైకిల్ వెనక కట్టుకుని వచ్చారు. తెచ్చి నీళ్ల తొట్టి పక్కన, కోసే బండ మీద దించారు. సొన వాసన గుప్పుమంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అక్క చేటలో పప్పు చెరుగుతోంది. బస్తా వైపు చూసింది. చేట కింద పెట్టింది. లేచి తన గిన్నెలూ, తన కత్తిపీటా, తన బియ్యం డబ్బా ఒక్కొక్కటే తీసుకెళ్లి బయట నీడలో పెట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఏమైందక్కా?" అన్నాను.

"మా ఊళ్లె ఇంక కొత్తలు కాలే అమ్మా," అంది.

వాళ్ల ఊళ్లలో కొత్తగా వచ్చిన కాయైనా గింజైనా ముందు తమ వేల్పులకు పెట్టి, ఊరంతా పండుగ చేసుకుని, ఆ తరవాతే నోట పెడతారు. దాన్నే కొత్తలు అంటారు. మామిడికి కొత్తలు వేరు, చిక్కుడుకు వేరు. అవి కానంతవరకు కొత్త కాయ కొయ్యరు, ముట్టరు. ఇది నాకు తెలియంది కాదు. ఈ జిల్లాలోనే పుట్టి పెరిగాను, చిన్నప్పటినుంచీ వింటున్నదే. వాళ్ల ఊళ్లో వాళ్ల సంగతి అనుకున్నాను తప్ప నా గోడౌను గడప దాటి లోపలికొస్తుందని ఏనాడూ అనుకోలేదు.

"నువ్వు ముట్టుకోవద్దులే. మాస్టర్ కోస్తాడు, టిఫినమ్మాయి పప్పు ఉడకేస్తుంది. నువ్వు కూరలు చూసుకో," అన్నాను.

"కోసేది గా బండ మీదనే గదా. కడిగేది గా తొట్లెనే గదా. మళ్ల అండ్లనే నా బియ్యం గడగాలె."

"సబ్బు పెట్టి తోమేద్దాం!"

"సబ్బుతోటి జిడ్డు పోతదమ్మా. ఇది జిడ్డా?"

"అయితే మీ పెద్దలకు ఫోన్ చెయ్యి. పండుగేదో రేపే చేసుకోమను!"

ఆ మాటకు ఆమెకు నవ్వొచ్చింది. "పండుగేమన్న ఆటోనా అమ్మా, జల్దీ రమ్మంటె వస్తదా? అందరు కూసోని అనుకోవాలె."

ఇక నా నోటికి పట్టపగ్గాలు లేవు. ఇది ఎవరి వంటిల్లు అన్నాను. నీ ఒక్కదాని కట్టుబాటుకు అందరి పొట్టా కొడతావా అన్నాను. ఇవాళ ఈ ఆర్డరు పోతే రేపు నువ్వు నిలబడ్డ చోట యూరియా బస్తాలు పడతాయి, అప్పుడెక్కడ వండుతావో చూస్తాను అన్నాను. అన్నవన్నీ నిజాలే, అందుకే అంత గట్టిగా అరిచాను. ఆమె సర్దడం ఆపలేదు. "నువ్వు అన్నది నిజమే అమ్మా. నేనేం అడ్డం పడతలేను. మీరు వండుకోండ్రి, ఆర్డర్ తీస్కోండ్రి. నేను కొత్తలైనంక వస్త," అంది. అప్పటికి ఆమె పొయ్యి ఉంటుందో ఉండదో, క్యారేజీల వాళ్లు ఇంకెవరినైనా చూసుకుంటారో ఆమెకు తెలియదా? తెలుసు. తెలిసే గిన్నెలు సర్దుకుంటోంది.

"పోనీవే, ఒక్క పొయ్యేగా," అన్నారు మా ఆయన నెమ్మదిగా. "మీరు మాట్లాడకండి!" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. అత్త మీద కోపం దుత్త మీద.

మాస్టర్ చేతిలో కత్తి ఉంది. కాయలు కొయ్యాల్సింది ఆయనే. కత్తి పక్కన పెట్టి, బస్తా మూతి దగ్గరికి లాగి తాడుతో బిగించి కట్టాడు.

"ఏం చేస్తున్నారు మాస్టర్?"

"శనివారం నేను ఆగుతలేనా అమ్మా?"

"అది గంట! ఇది ఎప్పటిదాకానో తెలియదు!"

"ఆగుడు ఆగుడే గదమ్మా. నా రోజాలల్ల ఉప్పు జూసిన మనిషి ఆమె. ఆమెను బయట కూసోబెట్టి నేను ఈ కాయ కొయ్యాల్నా? నాతోటి కాదు."

టిఫినాయన ఎప్పుడూ నోరు విప్పి ఎరగడు. అప్పుడూ విప్పలేదు. వచ్చి బస్తా రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని మోసుకెళ్లి మా ఆయన బండి మీద మళ్లీ కట్టేశారు. టిఫినమ్మాయి బండ మీద, తొట్టిలో నీళ్లు కుమ్మరించి కడగడం మొదలుపెట్టింది. పోతే వాళ్ల కూడే పోతుంది, నాదేముంది, నాకు పామాయిల్ తోట ఉంది. అయినా ఆ బస్తా ఎత్తారు. వాళ్లని చడామడా వాయించాలనిపించింది, కాళ్లకు దణ్ణం పెట్టాలనీ అనిపించింది. రెండూ చెయ్యకుండా నిలబడ్డాను.

కాసేపటికి కోపం మళ్లీ తన్నుకొచ్చింది. "కొత్త కాయ వద్దు, సరే! పాత కాయకేం రోగం? నాకు పులుపు కావాలి, పప్పు కావాలి, మధ్యాహ్నానికల్లా కావాలి!" అని అరిచాను. ఏదో అరవాలని అరిచిందే, ఆలోచించి అన్నది కాదు.

అక్క చేతిలో గిన్నెతో ఆగింది. "పాత కాయంటె?"

"ఒరుగులు! మామిడి ముక్కలు కోసి ఎండబెడతారే, ఆ ఒరుగులు! మా అమ్మ ఏడాది పొడుగునా పప్పులో వేసేది."

"పోయినేడు కాయ. పోయినేడే కొత్తలైనయ్ దానికి," అంది తనలో తాను అనుకుంటున్నట్టు. తరవాత మొహం విప్పారింది. "దానికేందమ్మా! మా ఇంట్ల కుండెడు ఉన్నయ్!"

ఇంటికి ఫోన్ చేసి కోడలికి చెప్పింది. తెచ్చేదెవరు? ఆటో కోసం చూస్తే పొద్దెక్కిపోతుంది. అందరం మా ఆయన వైపు చూశాం. ఆయన నావైపు చూశారు. వెళ్లి, తన కాయల బస్తా ఎదురుగా టీ కొట్టు దగ్గర దించి, బండి తిప్పుకుని అడవి దారి పట్టారు. సొంత తోట కాయలు రోడ్డు మీద పడేసి నిరుటి ఒరుగుల కోసం పోయిన రైతు ఈ జిల్లాలో ఆయనొక్కరే అయ్యుంటారు. దారి పొడుగునా నన్ను తిట్టుకునే ఉంటారు.

తిరిగొచ్చేసరికి మాత్రం ఆయన మొహం వేరేగా ఉంది. ఒరుగుల సంచి అక్కకిచ్చి, నా పక్కకొచ్చి, "వాళ్ల దొడ్లో చెట్టు నిండా కాయలున్నాయే. కొమ్మలు చేతికందుతున్నాయి. కింద ఒక్క టెంక లేదు. పిల్లలు ఆ చెట్టు కిందే ఆడుకుంటున్నారు, ఒక్కడు రాయి విసరట్లేదు," అన్నారు. మా గట్టు మీద చెట్లకు కాపలా పెట్టినా పిందె మిగలదని ఏటా గొణుక్కునే మనిషి ఆయన.

అక్క ఒరుగులు వేడినీళ్లలో నానేసి, కందిపప్పు మెత్తగా ఉడకబెట్టి, ఎండుమిర్చీ వెల్లుల్లీ దంచి తాలింపు పెట్టింది. మాస్టర్ అన్నం దించాడు, మెతుకుకు మెతుకు అంటకుండా. కాంట్రాక్టరు వచ్చాడు, వెంట మేస్త్రి. "కూసునేది ఏది మేడమ్?" అన్నాడు. పిండి డ్రమ్ము బోర్లించి కూర్చోబెట్టాను. మేస్త్రి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాంట్రాక్టరు పప్పు కలిపి ఒక ముద్ద తిన్నాడు, వేలితో ఒరుగు ముక్క బయటికి తీశాడు.

"ఇదేంది మేడమ్? కొత్త కాయ పప్పు అడిగితె ఒరుగులు వేస్తరా? పాత సరుకు మా నెత్తిన రుద్దుతున్నరా?"

మెల్లగా, మర్యాదగా చెప్పాలని పొద్దుటినుంచీ మాటలు కూడబలుక్కున్నాను. తీరా నోరు తెరిస్తే వచ్చింది వేరు. "మా వంటింట్లో ఇంకా కొత్తలు కాలేదండీ! అయ్యాక కొత్త కాయ పెడతాం. అందాకా ఈ పప్పే. నచ్చకపోతే వంతెన దాటండి, భద్రాచలంలో కావలసినన్ని హోటళ్లున్నాయి, బల్లలు కూడా ఉన్నాయి!"

అన్నాక చూసుకుంటే, మా వంటింట్లో అన్నాను. మా పుట్టింట్లోగానీ అత్తింట్లోగానీ కొత్తల ఊసే లేదు. కాపు రాగానే కాయ తెంపి ఉప్పూకారం అద్దుకుని తినేవాళ్లం. మాస్టర్ తల వంచుకుని మీసాల్లో నవ్వుకున్నాడు. మా ఆయన దగ్గారు. అక్క పొయ్యి దగ్గర అలాగే నిలబడి నన్ను చూస్తోంది.

కాంట్రాక్టరు ప్లేటు పక్కన పెట్టి లేచాడు. అయిపోయిందనుకున్నాను. మేస్త్రి మాత్రం కదల్లేదు. ప్లేటు ఊడ్చినట్టు తిని, అక్కను కోయలో ఏదో అడిగాడు. ఆమె కోయలోనే జవాబిచ్చింది. ఇద్దరూ నవ్వారు. అతను ప్లేటు మళ్లీ చాచాడు.

"ఏమంటున్నది ఆమె?" అన్నాడు కాంట్రాక్టరు.

"ఏం లే సార్. ఈ పప్పు రోజు ఉంటదా అని అడిగిన. కొత్తలయ్యేదాక ఉంటదన్నది."

"గంత నచ్చిందా నీకు?"

మేస్త్రి నసిగాడు. "నచ్చుడు కాదు సార్. కొత్త కాయ పప్పు పెడితె మనోళ్లు సగం మంది తినరు. మజ్జిగ పోసుకోని లేస్తరు."

"ఎప్పటి సంది?"

"ఎప్పటి సంది ఏంది సార్, ప్రతి ఏడు గంతే. కొత్తలయ్యేదాక తినం."

కాంట్రాక్టరు మళ్లీ డ్రమ్ము మీద కూలబడ్డాడు. "ఓర్నీ! పోయినేడు గుండిగలకు గుండిగలు పప్పు మిగులుతుంటె వంట మంచిగ లేదని వంటాయన్ను తీసేసిన గదరా! ముందటేడు గూడ ఇంకొకాయన్ను తీసేస్తి! నాకెందుకు చెప్పలే?"

"మీరు అడగలే సార్," అన్నాడు మేస్త్రి.

కాంట్రాక్టరు నవ్వాడు. ఆ నవ్వుకు రేకులు అదిరాయి. "పాపం, వాళ్ల పప్పు మంచిగనే ఉండె. నేనే కొత్తకాయ కొత్తకాయ అని సతాయించి పెట్టించిన," అన్నాడు. పక్కన పెట్టిన ప్లేటు తీసుకుని, ఒరుగు ముక్కతో సహా మొత్తం తిన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి పంపు లేదని ఇంకో మాట అని, ఆర్డరు ఖాయం చేసి వెళ్లాడు.

షట్‌డౌన్ జరిగినన్నాళ్లూ మా వంటిల్లు చూసి తీరాల్సిందే. మాస్టర్ బిర్యానీ దేగ్‌ల నిండా తెల్లన్నం. ఆ దేగ్‌లలో తెల్లన్నం వండడం నా పరువుకు తక్కువ అని గొణుగుతూనే ప్రతి గింజా చూసుకునేవాడు. టిఫిన్ జంట మజ్జిగ చిలికేవాళ్లు, కూరలు తరిగేవాళ్లు. పప్పు అక్కది. ఆమె ఇంట్లో కుండ అయిపోతే పక్కింటి కుండలు వచ్చాయి, ఆ ఊళ్లో అయిపోతే పక్క ఊళ్లవి వచ్చాయి. ఖాళీగా పడి ఉన్న నాలుగో పొయ్యి కూడా మండింది. నేను అరుస్తూనే ఉన్నాను. నా అరుపు లేకపోతే వాళ్లకు తోచదని మాస్టర్ అంటాడు. ఎంతమంది హోటళ్లు నడపడం చూశానో, ఒక పొయ్యి వాళ్లు ఇంకో పొయ్యి వాళ్ల కోసం తమ గిరాకీ వదులుకోవడం ఇంకెక్కడా చూడలేదు. వీళ్లు గొప్పవాళ్లు. ఆ మాట వాళ్ల మొహం మీద ఎప్పుడూ అనలేదు, అంటే కిరాయి తగ్గించమంటారు.

కొత్తలు ఊరికొక రోజు అవుతాయి. "మా ఊళ్లె అయినయ్" అని ఒక్కో ఊరి కూలీలు కిటికీ దగ్గర చెప్పి పోయేవాళ్లు. అక్క వాళ్ల ఊళ్లో బాగా ఆలస్యంగా అయ్యాయి. మర్నాడు ఆమె చీర కొంగులో కాయలు మూటగట్టుకొచ్చి, ఒక్కో పొయ్యి గట్టు మీద ఒక్కొక్కటి పెట్టింది. నా చేతిలోనూ ఒకటి పెట్టింది. "ఇగ కొయ్యండ్రి మాస్టర్," అంది. అన్నాళ్లుగా మూలన పెట్టిన కత్తి మాస్టర్ తీశాడు. ఎరువుల కంపెనీ వాళ్లకు మా ఆయన ఇంకో గోడౌను చూపించారు.

ఇదంతా పోయినేటి మాట. మొన్న మధ్యాహ్నం పొట్లాలు కడుతుంటే తోట నుంచి మా ఆయన ఫోన్ చేశారు.

"గట్టు మీద చెట్టుకు కాయ తయారైందే. పచ్చడికి నాలుగు కోద్దామని చెట్టు కిందకొచ్చాను. మీ కొత్తలయ్యాయా?"

"మీ చెట్టు, మీ గట్టు. కోసుకోండి, మిమ్మల్నెవరు వద్దన్నారు?" అన్నాను.

"ఎవరూ అనలేదు. ఎందుకో చెయ్యి రావట్లేదు. ఒక్కసారి ఆమెనడుగు."

ఫోన్ చేత్తో పట్టుకుని లోపలికి కేకేశాను. అక్క గరిటె ఆపకుండానే, "ఇంక కాలేదని చెప్పమ్మా," అంది. చెప్పాను.

"సరే అయితే, ఆగుతాను," అన్నారు మా ఆయన.